ముక్కున గడ్డిపోచ

వాగొడ్డు తుమ్మచెట్టు మీద గూళ్ళు కట్టడం నేర్పే బడి ఒకటుండేది. ముడులు, అల్లికలు అయ్యాక కాకమ్మ పంతులమ్మ మాటామంతీ నేర్పేది. "గూడు కట్టేవాడికి కబుర్లెందుకు?" అని పసుపుతల గిజిగాడు ఆ పాఠానికి డుమ్మా కొట్టేవాడు.

తొలకరికి ముందు గిజిగాళ్ళు గూడు సగం అల్లి ఆడపిట్టకు చూపించాలి. నచ్చితేనే పెళ్ళి, లేదంటే ఆ ఏడంతా ఒంటరి బతుకే. సాయంకాలపు ఎండలాంటి పిట్ట ఒకటి వచ్చి, "బాగుంది కానీ..." అంది.

"ఇది నాగముడి! బడిలో మొదటి ర్యాంకు నాదే!" అని అందుకున్నాడు గిజిగాడు. ఆమె తుర్రుమంది.

వాడు ఏడుపుమొహంతో కాకమ్మ దగ్గరికెళ్ళాడు.

"'కానీ' తర్వాత ఏమందిరా?"

"చెప్పనిస్తేగా పంతులమ్మా!"

"బతిమాలి పిలుచుకురా. ఆమె చెప్పడం అయ్యేదాకా ముక్కున గడ్డిపోచ పట్టుకో. వదిలావో, ఇక నీ ఖర్మ!"

వాడు బతిమాలగా మర్నాడు ఆమె వచ్చింది. "గుమ్మం పడమటి గాలికి ఎదురుగా ఉంది. జల్లు కొడితే పిల్లలు తడవరూ?" అంది.

గిజిగాడికి నాలుక దురదపెట్టింది. అయినా పోచ వదల్లేదు. ఆ పోచతోనే గుమ్మాన్ని తూర్పుకు తిప్పి అల్లడం మొదలుపెట్టాడు.

ఆమె ఎగిరొచ్చి పోచ రెండో కొసను కాలితో పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి, ఆ నాగముడి ఎలా వేస్తారో!" అంది.