గోడ మీద సింగిడి

"ఎక్కడుంది మాది?"

వజ్రమ్మ అరుపుకు బడి వరండాలో గింజలు ఏరుకుంటున్న పిచ్చుకలు లేచిపోయాయి. లోపల చాప మీద గుండ్రంగా కూర్చున్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ల మధ్య ఉన్న చిలకమ్మ మాత్రం తల ఎత్తలేదు.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు. అమీర్‌పేటలోని ఆ చిన్న మిషన్ బడిలో జీవమణి టీచరు శనివారం మధ్యాహ్నాలు ఒక సైన్సు క్లబ్బు నడిపేది. పలకలుండవు, వల్లె వేయడాలుండవు. గ్లాసు అడుగున కాగితం కుక్కి, నీళ్లలో నిలువుగా బోర్లించి, కాగితం ఎందుకు తడవలేదో పిల్లల్నే చెప్పమనేది. నిమ్మరసంతో రాసిన అక్షరాలు దీపం సెగకు గోధుమరంగులో బయటపడేవి. ఇసుకలో సూదంటురాయి తిప్పితే ఇనుప రజను మీసాల్లా అంటుకొచ్చేది.

పాలు పోయడానికి వచ్చిన చిలకమ్మ ఒకరోజు ఇదంతా చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయింది. పై వారం గుమ్మం దాటింది. ఆ తర్వాత అందరికంటే ముందొచ్చి చాప పరిచేది తనే. ప్రశ్నలూ తనవే ఎక్కువ. వంతు రాకుండానే గ్లాసు లాక్కునేది. ఇవ్వనన్నందుకు ఒకసారి రెండో తరగతి పిల్లతో పోట్లాడి, అలిగి మూల కూర్చుంది.

వాళ్ల ఇల్లు పంజాగుట్టలో. నాలుగైదు బర్రెలు, వాటి చాకిరీ. ఆ ఇంట్లో వజ్రమ్మ మాటే మాట. బడిలో చూసింది ఇంట్లోనూ చేయాలని చిలకమ్మ కుడితి తొట్టిలో మంచినీళ్ల చెంబు బోర్లించింది. వజ్రమ్మ తిట్టింది. నీళ్ల మీద సూది తేలించబోయి సూది పోగొట్టింది. వజ్రమ్మ చెయ్యి చేసుకుంది. పోయిన శనివారమైతే బర్రెల కొట్టంలోకి నెట్టి గొళ్లెం పెట్టింది. అందుకే ఈ వారం గొళ్లెం పడకముందే చిలకమ్మ వెనక తడిక విప్పుకుని వచ్చేసింది. మోచేతులు గీరుకుపోయాయి.

హెడ్మాస్టరు దయానందం గారు ముందే హెచ్చరించారు.

"రిజిస్టర్లో పేరు లేని మనిషి కోసం ఊరివాళ్లతో తగాదా ఎందుకు జీవమణి గారూ? రేపు పిల్లల్ని పంపడం మానేస్తారు."

"మానేస్తే మానెయ్యనివ్వండి" అంది జీవమణి.

ఆ మధ్యాహ్నం ఇత్తడి పళ్లెం నిండా నీళ్లు పోశారు. కిటికీలోంచి ఎండ పళ్లెంలో పడుతోంది. చిలకమ్మ అద్దం ముక్కను నీళ్లలో వాలుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. గోడ మీద తెల్లటి వెలుగు ఊగుతోంది కానీ రంగులు ఇంకా పడలేదు.

వజ్రమ్మ విసురుగా వచ్చి రెక్క పట్టుకుని లాగింది. నీళ్లు చాప మీద ఒలికాయి.

"లే! సిగ్గుశరం లేదా? మగపోరగాండ్ల నడుమ కూసొని నీళ్లాటలాడుతున్నవా?"

జీవమణి అడ్డం వచ్చింది. "వదలండి. తనంతట తనే వచ్చింది."

"నువ్వు మాట్లాడకు పంతులమ్మా! గీ ఈడుల దానికి గీ సదువులేంది? ఇంటిపట్టున ఉండే ఈడు. గల్లంత నవ్వుతున్నరు. గ్లాసులు, అద్దాలని చెప్పి మెల్లగ మీ మతంల కలుపుకుందామని సూస్తున్నవ్. నాకు తెల్వదా?"

"మతం ఊసు ఇక్కడ ఎవరూ ఎత్తలేదు."

"నా తిండి తింటది. నా మాట ఇనాలె!"

వజ్రమ్మ చేతికందిన గాజు గ్లాసు తీసి నేలకేసి కొట్టింది. ఆ రోజుల్లో అలాంటి గ్లాసు బజారంతా తిరిగినా దొరకదు. పిల్లల్లో ఒకమ్మాయి ఏడుపు అందుకుంది.

"ఆ పెంకులు ఏరి మరీ వెళ్లు." జీవమణి కోపంగా అంది.

"ఏరకుంటే ఏం జేస్తవ్?"

అప్పుడే వజ్రమ్మ మొగుడు ఐలయ్య రొప్పుతూ వచ్చాడు. చేతులకు పేడ ఇంకా ఆరలేదు.

"నా మాట ఇంటలేదు. నువ్వన్న చెప్పు" అంది వజ్రమ్మ.

ఐలయ్య భార్య ముఖం చూశాడు. గాజు పెంకులు చూశాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు లేచేది తక్కువ.

"పా అమ్మా, ఇంటికి పోదాం" అన్నాడు మెల్లగా.

చిలకమ్మ రెక్క విడిపించుకుంది. వెళ్లి మళ్లీ పళ్లెం ముందు కూర్చుంది. అద్దం నీళ్లలో పెట్టింది. ఈసారి చెయ్యి కుదిరింది. గోడ మీద ఎర్రగా, పచ్చగా, నీలంగా ఒక పట్టీ పరుచుకుంది.

పిల్లలు కేక పెట్టారు. ఏడుస్తున్న అమ్మాయి ఏడుపు మానేసింది.

"సింగిడి!" అంది చిలకమ్మ. "వాన లేకుంట నేనే తెచ్చిన. సూడు!"

ఐలయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఉండనియ్యే."

"ఉండనియ్యాల్నా? అయితే ఇయ్యాల్టి సంది దానికి నా ఇంట్ల బుక్కెడు బువ్వ లేదు."

"నా కంచంల పెట్టుకుంట" అన్నాడు ఐలయ్య. అనేశాక ఆయనకే భయమేసింది.

వజ్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, ఇక ఎవరు చెప్పినా కదలనన్నట్టు కిటికీకి అడ్డంగా నిలబడింది. గోడ మీద రంగులు పోయాయి. జీవమణి ఏదో అనబోయింది.

చిలకమ్మ ఆమెను చేత్తో ఆపింది. అద్దం కదలనీయకుండా పట్టుకుని, తల తిప్పకుండానే అంది:

"జర పక్కకు జరుగు కోడలా, ఎండకు అడ్డమొస్తున్నవ్."