కంచె పక్క సీటు

"స్కోరెంత, డోరీన్?" అన్నాడు క్లైవ్.

"పద్దెనిమిది–ఆరు. వెనకబడ్డాం," అంది డోరీన్, ఇందాకే రెండుసార్లు చెప్పినా విసుక్కోకుండా. ఒకప్పుడు ఈ రగ్బీ క్లబ్బుకి కెప్టెన్ ఆమె మొగుడు క్లైవే. తల పగిలినా మైదానం వదిలేవాడు కాదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఈ పిల్లకాయల్ని నమ్ముకుంటే వచ్చే ఏడాదికి క్లబ్బు మూతే," అన్నాడు వెనక వరసలోంచి రాస్.

"నోర్ముయ్ రాస్! నిలబెట్టేది ఆ పిల్లలే. మా ఆయనలా రాటుదేలాలి, అంతే!"

అంతలో బంతితో దూసుకొచ్చిన కుర్రాడు ఫిలిపోని ఇద్దరు గుద్దేశారు. తల నేలకి కొట్టుకుని కంచె ముందే కుప్పకూలాడు.

"లే నాయనా, లే!" అని అరిచింది డోరీన్. జనమంతా అరిచారు.

ఫిలిపో లేచాడు. చప్పట్లు మారుమోగాయి. నీళ్ళు తెచ్చినవాణ్ణి అడిగాడు: "స్కోరెంత?" అతను చెప్పాడు. ఫిలిపో తలూపి, కాస్త నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"స్కోరెంత?"

డోరీన్ గభాలున లేచి కంచె పట్టుకుంది. "వాణ్ణి బయటికి తెచ్చేయండి!"

"పిచ్చా నీకు? వాడు లేకపోతే మ్యాచ్ పోయినట్టే!" అన్నాడు రాస్.

"పోనీ! క్లబ్బు కూడా పోనీ!"

క్లైవ్ ఆమె కోటు పట్టి లాగాడు. "స్కోరెంత, డోరీన్?"