ఇంకొక్క మలుపు

ఎండ భరించలేక ఆ దర్జీ చీకటి పడ్డాకే మారథాన్‌కి పరుగు సాధన చేస్తాడు. అరవై దాటినా పంతం తగ్గలేదు. నిరుటి వేసవిలో బావమరిది తోడుండేవాడు. "ఆగుదాం బావా, గొంతు ఆర్చుకుపోతోంది" అని వాడంటే, "ఇంకొక్క మలుపు, అక్కడ తాగుదువుగాని" అన్నాడు దర్జీ. మలుపు చేరకుండానే వాడు కుప్పకూలి, మళ్లీ లేవలేదు. తమ్ముడు పోయినా దర్జీ భార్య అతణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అదే దర్జీని తినేస్తోంది.

ఇప్పుడు సాయంత్రమే వెళ్లి ఆ మలుపులో కరెంటు స్తంభం కింద రెండు నీళ్ల సీసాలు పెట్టి వస్తాడు. రెండోది ఎన్నడూ కదిలేది కాదు.

ఈ రాత్రి రెండూ ఖాళీగా ఉన్నాయి. మూతల సీలు ఊడలేదు, నేల తడవలేదు. దర్జీ నాలుక పిడచకట్టుకుపోయింది.

వెనకనుంచి అడుగుల చప్పుడు వచ్చి, అతణ్ణి దాటి ముందుకెళ్లింది.

"ఇంకొక్క మలుపు బావా, అక్కడ తాగుదువుగాని."

దర్జీ ఆ చప్పుడు వెంట పరుగందుకున్నాడు.