మూడు కంచాలు

నా కొడుకు పోయి రెండేళ్లు. ఆ ఆదివారం కోడలు సత్యశ్రీ కోడిమాంసానికి పొద్దున్నే పెరుగు, మసాలా పట్టించింది. చిక్కుడు గింజలు టమాటా గుజ్జులో కలిపి ఓవెన్‌లో పెట్టింది. నా కొడుకు ఎన్నడూ ఎరగని వంట.

“ఎవరొస్తున్నారే?”

“మా ఆఫీసాయనండి, అత్తయ్యగారూ.” తలెత్తలేదు.

నన్ను వదిలిపోతుందని అప్పుడే అనుకున్నాను. ఉప్పు చూడమంటే చూడనన్నాను.

సాయంత్రం అతను కొవ్వూరు నుంచి వచ్చాడు. మూడు కంచాలు పెట్టింది. వడ్డించబోతే అతను చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

“మీ మాట విన్నాకే తింటానండి. మీరూ వచ్చి మాతో ఉంటేనే పెళ్లి అంటున్నారండి సత్యశ్రీగారు. వస్తారా?”

సత్యశ్రీ గరిటె పట్టుకుని గోడ వైపు తిరిగింది.

నేను నా కంచం దగ్గరికి జరుపుకున్నాను.

“మీ ఇంట్లో మా అబ్బాయి ఫొటోకి ఒక మేకు కొట్టుకోనిస్తారా బాబూ?”