డబ్బీ చెప్పిన డిగ్రీ

"కుంపటి లోపలికొస్తే నేనొప్పుకోను అత్తా!"

వినుత రెండు చేతులూ చాపి పట్టుపురుగుల షెడ్డు వాకిలికి అడ్డంగా నిలబడింది. ఎదురుగా అత్త అక్కయమ్మ. ఒక చేతిలో బొగ్గులు నింపిన కుంపటి, ఇంకో చేతిలో అగ్గిపెట్టె, ఒంటి చుట్టూ కంబళి.

"జరుగమ్మీ! పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. లోపల ఎంత చలో తెలుసునా? నాకే పండ్లు కొట్టుకుంటాండాయి."

"చలా? ఇదో, నా సెన్సరు ముప్పై ఏడు డిగ్రీలంటాంది. కిటికీలు తెరిచి తడిగోనెలు కట్టాల!"

జ్వరమంటే కంగారు పడకండి. పట్టుపురుగు మేత మాని, తల ఎత్తి, చర్మం విడిచే నిద్రను వీళ్ళ ఊరు సోమేనహళ్ళిలో అలాగే అంటారు. నాలుగోది ఆఖరిది. అది సజావుగా దిగితే వారంలో గూళ్ళు. ఈలోపల అగ్గి పెట్టినా, తడి పెట్టినా నలభై వేల పురుగులకూ మూడుతుంది.

ఇక సెన్సరు సంగతి. చిక్కబళ్ళాపురలో కొన్న చిన్న వైఫై బోర్డు, గోరంత సెన్సరు, ఒక పాత బ్యాటరీ. టమాటా ధర బాగున్న రోజున నాలుగు కిలోలు అమ్మితే వచ్చేంత ఖర్చు. చిప్పుకు ఇల్లుగా ముందు కొబ్బరి చిప్పనే అనుకున్న వినుత, చివరకు అటక మీద దొరికిన ప్లాస్టిక్ సున్నం డబ్బీకి బెజ్జాలు వేసి అందులో బిగించింది. షెడ్డు దూలానికి వేలాడదీసింది. అయిదు నిమిషాలకోసారి అది ఫోనుకు వేడెంతో చెబుతుంది. తీగ లేని యంత్రమే గానీ, దాని మీద తగువు మాత్రం తీగలా సాగింది.

అరుపులు విని వినుత మొగుడు నాగేశ్ మల్బరీ మోపు దించి పరుగున వచ్చాడు.

"నాగా, నీ పెండ్లానికి చెప్పు. నలభై ఏండ్లుగా నా ఒళ్ళే నాకు థర్మామీటరు!"

"ఒకరిది సెన్సరు, ఒకరిది సెన్సారు. నడాన నా సెన్సు పోతాండాది. ఉండండి!"

నాగేశ్ చెప్పులు విడిచి లోపలికి పోయి, రేష్మె ఇలాఖె, అదే పట్టు శాఖ వాళ్ళిచ్చిన గాజు థర్మామీటరు చూసొచ్చాడు.

"ఇరవై అయిదు. చలీ లేదు, ఉక్కా లేదు. పురుగులు హాయిగా నిద్రపోతాండాయి. నిద్ర లేంది మీ ఇద్దరికే."

వినుత మొహం చిన్నబోయింది. ఫోను చూసింది. ముప్పై ఎనిమిది!

"ఇంకా ఎక్కిందే! బోర్డు కాలిపోతాందేమో, డబ్బీ దించుకొని రాప్పా."

"యాడి డబ్బీ? దూలానికి ఏమీ లేదు."

అక్కయమ్మ కంబళిలోంచి తల బయట పెట్టింది.

"నా సున్నం డబ్బీనా? ఎవరో పనిలేనోళ్ళు దూలానికి కట్టింటే, పొద్దున్నే తీసి ఆకువక్క సంచిలో ఏసుకొని బొడ్లో దోపుకుంటి. ఇంకా మూతే తీయలేదు. ఏమో, పొద్దుటి నుంచి నోటికి ఏమీ సయించలేదు."

వినుత ఫోను వైపు ఒకసారి, కంబళి వైపు ఒకసారి చూసి, అత్త నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"కుంపటి దించు అత్తా. నీ ఒళ్ళూ తప్పు చెప్పలేదు, నా సెన్సరూ తప్పు చెప్పలేదు. బండి తియ్యప్పా, జ్వరం పురుగులకే కాదు, అత్తకూ!"