మూలం లేని మాట

“నీ మాట ఈ పట్టికల లేదు కాకా” అంది సుకన్య, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

దేవీసింగ్ కదల్లేదు. ఎల్లారెడ్డి అవతలి తండా నుంచి మొదటి బస్సుకు కామారెడ్డి వచ్చి, రోజువారీ వానల వివరాలు ఎక్కించే ఆ ఆఫీసులో ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“వాగొచ్చింది మేడం. తండా తండంత జూసింది. గదే రాయమంటున్న.”

“వాగొచ్చింది అని రాస్తే కంప్యూటర్ తీసుకోదు. వెనకకు వెతికేటందుకు ఏ రోజు వానకు ఏ గుర్తుమాట పెట్టినా, అది ఏ పట్టికలకెళ్లి తీసుకున్నమో పక్కన మూలం గడిల చూపాలె. సొంత మాటలు నడవయి.”

“మీరు రాయకపాయె, వంతెన కట్టే ఆఫీసోళ్లు మా అర్జీ వాపసు పంపిరి. ఆ తారీకు మీద వరద అని వెతికితే ఏం దొరకలేదంట. వరదే రానికాడ వంతెనెందుకు అంటున్రు. నా బిడ్డ కొట్టుకపోయింది మేడం అండ్ల. ఆ పొద్దు గామె...”

“నీ బాధ సమజైంది కాకా” అంటూ పక్క బల్ల నుంచి జీవన్ అడ్డం వచ్చాడు. “సాక్ష్యమంటే నువ్వు తండానంత దోల్కొస్తవు. దీనికి మనుషులు అక్కెర లేదు. పట్టిక గావాలె.”

“ఆ పట్టిక రాసినోళ్లు మా వాగును జూసిన్రా?”

“మీ వాగేంది, మన దేశమే జూసిన్రో లేదో” అని నవ్వబోయిన జీవన్ ఆయన మొహం చూసి ఆగిపోయాడు.

“చూడనోళ్ల మాట చెల్లుతది. చూసినోళ్లది చెల్లదు. మంచిగున్నది.”

సుకన్య కుర్చీ ఇటు తిప్పింది. “గట్ల గాదు కాకా. మీరు వాగొచ్చింది అంటరు. బీర్కూర్ దిక్కు ఇంకో తీరు అంటరు. ఎవల మాట వాళ్లు రాస్తే రేపు వెతికేటోనికి ఏదీ దొరకదు. అందరు ఒక్క మాటనే వాడాల్నని ఈ పట్టిక. ఆగు, జూద్దాం. ఎట్లొచ్చింది వాగు?”

“మా దగ్గర సన్నగనే పడుతున్నది. పైన గట్టిగ కొట్టినట్టున్నది. మోకాళ్ల లోతు నీళ్లు చూస్తుండంగనే మనిషెత్తు లేచినయి. రెప్పపాటు సేపు గూడ పట్టలే... ఒడ్డుమీద నేను అరిచేటాలకే.” ఆ మాట అక్కడే ఆపేశాడు.

సుకన్య పట్టికలో కిందికీ మీదికీ వెతికింది. చాలాసేపటికి ఆమె వేలు ఒకచోట ఆగింది. ‘ఆకస్మిక వరద’. ఆ మాట ఎక్కించి, మూలం గడిలో పట్టిక పేరు, అది ఎన్నో కూర్పో కూడా రాసింది.

“దొరికింది కాకా. ఇగ ఎవరు వెతికినా మీ వాగు కనవడ్తది.”

దేవీసింగ్ అప్పుడు కూర్చున్నాడు. కుర్చీ అంచు మీద, సగమే. “పోరగాండ్లు ఇప్పటికీ ఆ వాగు దాటే బడికి వోతున్రు మేడం. ఇంకొకలు పోవద్దు. గంతే.”

సుకన్య బటన్ నొక్కింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

“ఏమైంది?” అన్నాడు జీవన్.

“ఆ రోజు వాన లెక్కే లేదు. ఖాళీ గడికి గుర్తుమాట అంటదు.” ఆమెకు కోపం వచ్చింది. “మీ దిక్కు బడికాడ వాన కొలిచేది సునీల అనే పిల్ల కాకా. పొద్దుగాల వోయి డబ్బల నీళ్లు కొలిచి మాకు మెసేజ్ వెట్టాలె. సరిగ్గ ఆ పొద్దే ఎగ్గొట్టింది. గప్పటికెళ్లి ఒక్కటి పంపలే. నేనెన్ని మెసేజ్‌లు వెట్టినా ఉలుకు లేదు, పలుకు లేదు. గిసుంటోళ్లతోని మీలాంటోళ్ల పని ఆగుతది. ఆగు, ఇప్పుడే అడుగుత.”

నంబరు వెతికి ఫోన్ కలిపింది.

దేవీసింగ్ అంగీ జేబులో ఫోన్ మోగింది. ఆయన దాన్ని తీసి, ఎత్తకుండానే, బల్ల మీద మెల్లగా పెట్టాడు. అది మోగుతూనే ఉంది.

“ఫోన్ తడుస్తదని నా చేతికిచ్చి, వాన కొలిచొస్తనని వాగుల దిగింది మేడం.”