ఆగని జీపు

మెకానిక్ దత్తన్న చనిపోయాడని తెలిసి పండరి బాన్సువాడకు పరామర్శకు వచ్చాడు. ఇంటి ముందు తన పాత జీపు ఆపి తాళంచెవి తీశాడు. ఇంజను మాత్రం ఆగలేదు.

వాకిట్లో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. పండరి బానెట్ ఎత్తి ఒక వైరు లాగితే వైపర్లు ఆడాయి. ఇంకొకటి లాగితే లైట్లు వెలిగాయి.

దత్తన్న భార్య రుక్కవ్వ బయటికొచ్చింది.

"మాఫ్ చెయ్యి వదినె. వైరింగంత అన్ననే చేసిండు. ఇన్నొద్దులు తాళంతోనే ఆగుతుండె. ఇయ్యాల ఎట్ల బంద్ చెయ్యాల్నో నాకు తెల్వది."

"హారన్ కొట్టు."

"సావింటి ముంగట హారనేంది వదినె?"

"కొట్టు. గట్లనే బంద్ అయితది. నీ జీపు రిపేరుకున్నన్ని దినాలు మీ అన్న దాంట్లనే బువ్వకొస్తుండె. హారన్ ఇనబడంగనే నేను పళ్లెం పెడుతుంటి."

రిపేరు అన్నాళ్లు ఎందుకు పట్టిందో పండరికి అప్పుడర్థమైంది. ఎందుకో కోపం రాలేదు. కళ్లు మూసుకుని హారన్ నొక్కాడు. ఇంజను టక్కున ఆగింది.

రుక్కవ్వ గబగబా లోపలికి పోయి పళ్లెంలో అన్నం వడ్డించింది. పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.